ఎవరి యుద్ధమైనా బిల్లు మాకే: ఇంధన శాఖ పెద్దలకు ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రివర్యులకు, శాఖ ఉన్నతాధికారులకు, విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల ప్రజాప్రతినిధులకు నమస్కారాలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, పొలాల మోటార్లు బాగుచేయడం మా వృత్తి. కొంతకాలంగా ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు కూడా మా గుమ్మం ముందు ఆగుతున్నాయి. కిందటి వేసవికి ముందు మా వీధి షాపులవాళ్లం, వెనక కాలనీలో ఉండేవాళ్లం కలిసి ఈ లేఖలోని విషయాలనే అర్జీగా రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాం. రశీదు చేతికొచ్చింది, జవాబు రాలేదు. మళ్లీ వెళితే ఇది మా పరిధిలోది కాదన్నారు. ఎవరి పరిధిలోదని అడిగితే ఢిల్లీ వైపు చూపించారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మేము సౌర విద్యుత్తుకు వ్యతిరేకులం కాము. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న అడిగినవాడిని బొగ్గు పక్షం వాడని తేల్చేయడం ఈ మధ్య అలవాటైంది. 2024 అక్టోబరులో రాష్ట్రం సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం. పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అన్నారు. రావాలనే కోరుకుంటున్నాం. మా బాధ వేరు. ఇంధనం కోసం దేశాల మధ్య జరిగే ప్రతి తగాదా ఖర్చూ ఏదో ఒక పేరుతో మా నెలబిల్లులో తేలుతోంది. బొగ్గు, గ్యాస్‌తో అదే జరిగింది. ప్యానెళ్లు, బ్యాటరీలు, అయస్కాంతాలతోనూ అదే జరిగే సూచనలు కనిపిస్తున్నాయి. దాన్ని ఎలా ఆపుతారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మేము చూసినవి, అనుభవిస్తున్నవి కింద వరసగా రాస్తున్నాం.

1. ముందుగా కరెంటు బిల్లు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ఆ ఏడాది అంతర్జాతీయ మార్కెట్లో ఆస్ట్రేలియా బొగ్గు టన్ను 400 డాలర్లు దాటింది. ఎండలు ముదిరేసరికి దేశంలో బొగ్గు కొరత వచ్చింది. పది శాతం విదేశీ బొగ్గు కలుపుకోమని కేంద్రం రాష్ట్రాల కరెంటు ఉత్పత్తి సంస్థలైన జెన్‌కోలకు చెప్పింది. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర ఎంత ఎగబాకిందంటే, 12 రూపాయలకు మించి అమ్మరాదని కేంద్ర నియంత్రణ మండలి ఆ ఏప్రిల్‌లో గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. అదే ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. వారపు సెలవుకు తోడు మరో రోజు మూసుకోమన్నారు. రోజుకూలీ మీద బతికే వైండర్‌కు, లేతు పనివాడికి ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. 2022-23లో కరెంటు కొనుగోలుకు అదనంగా అయిన ఖర్చులో ఆరు వేల కోట్లకు పైగా, 2023-24 ఖర్చులో తొమ్మిది వేల కోట్లకు పైగా వినియోగదారుల నుంచి వసూలు చేసుకోవడానికి నియంత్రణ మండలి అనుమతించింది. 2024 డిసెంబరు నుంచి ఆ వసూళ్లు మొదలయ్యాయి. ఒక్కసారి బిల్లు కాగితం చేతిలోకి తీసుకుని చూడండి. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం, వాటి కింద ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు) అని ఒక వరస, పక్కన ఏ సంవత్సరానిదో చెప్పే అంకెలు. మా షాపుకొచ్చే వాళ్లలో ఆ అయిదక్షరాలకు అర్థం చెప్పగలిగినవాళ్లు దాదాపు లేరు. ఈ సర్దుబాటు చార్జీ మీటరు సర్వీసు నంబరును పట్టుకుని వస్తుంది కాబట్టి, 2022లో ఆ ఇంట్లో ఫ్యాన్లు తిప్పుకున్న కుటుంబం ఖాళీ చేసి ఎక్కడికో వెళ్లిపోయినా, కొత్తగా దిగినవాళ్లు వాళ్ల బాకీ కడుతున్నారు. అద్దె ఒప్పందంలో ఈ సంగతి ఏ యజమానీ రాయడు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2025 నవంబరు నుంచి ఎక్కువ వసూలైనది వెనక్కివ్వడమనే ట్రూడౌన్ పేరుతో యూనిట్‌కు 13 పైసలు తగ్గించారు. మంచిదే. కాని మేము అడుగుతున్నది పైసల సంగతి మాత్రమే కాదు. ఆ వేల కోట్లలో యుద్ధం వాటా ఎంత, బొగ్గు రవాణా వాటా ఎంత, ముందుచూపు లేక ఆఖరి నిమిషంలో ఎక్స్ఛేంజీకి పరిగెత్తి కొన్నదెంత? ఈ మూడూ కలిపి ఒకే అంకెగా మా నెత్తిన వేస్తే, ఎవరిని నిలదీయాలో మాకెలా తెలుస్తుంది?

2. గ్యాస్ సంగతి చెబితే పాత గాయం రేపినట్టే. 2009లో కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రగర్భం నుంచి గ్యాస్ వచ్చినప్పుడు ఇక రాష్ట్రానికి కరెంటు కరువు తీరినట్టేనన్నారు. మరుసటి ఏడాది గరిష్ఠానికి చేరిన ఉత్పత్తి కొన్నేళ్లకే అడుగంటింది. దాన్ని నమ్ముకుని కొండపల్లి నుంచి గోదావరి జిల్లాల దాకా కట్టిన కేంద్రాలు గ్యాస్ లేక మూలనపడ్డాయి. దిగుమతి గ్యాస్‌తో నడపమంటే ధర నిలకడగా ఉండదు. 2020 వేసవిలో ఆసియా మార్కెట్లో ఒక్కో ఎంఎంబీటీయూ (గ్యాస్ కొలత)కు రెండు డాలర్లు పలికిన ద్రవరూప గ్యాస్ ఎల్‌ఎన్‌జీ, 2022లో 70 డాలర్లు దాటింది. ఖతార్‌తో ఏటా 75 లక్షల టన్నుల దీర్ఘకాలిక ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 వరకు పొడిగించారు. ధర సంగతి సరే, ఆ ఓడలు హార్ముజ్ జలసంధి దాటి రావాలి. ఇరాన్ దగ్గర ఎప్పుడు ఉద్రిక్తత పెరిగినా ఆ దారి మూసుకుపోతుందేమోనని ప్రపంచమంతా ఊపిరి బిగబడుతుంది.

అందుకే ఎండ, గాలి మనవి, వాటికి ఓడలు అక్కర్లేదు అని మీరన్నప్పుడు మేమూ తల ఊపాం. తీరా పనిముట్లు విప్పి చూస్తే అవీ ఓడల్లోనే వస్తున్నాయి.

3. ఇది నా వృత్తికి సంబంధించినది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

పాత లారీ సెల్ఫ్ మోటారు విప్పితే లోపల ఉండేవి రాగి తీగ, ఇనుప రేకులు, కార్బన్ బ్రష్‌లు, రెండు బుష్‌లు. కాలిపోతే తీగ ఊడదీసి కొత్తది చుడతాం. అన్నీ ఈ నాలుగు వీధుల్లో దొరుకుతాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రంలోని హబ్ మోటారు అలా కాదు. మధ్యలో రాగి చుట్లు ఉంటాయి, చుట్టూ ఉక్కు వలయం లోపలి అంచున వేలెడు పొడుగు అయస్కాంత పలకలు వరసగా అతికించి ఉంటాయి. బల్ల మీద విప్పి పెడితే పక్కనున్న స్పానర్ దానంతటదే వెళ్లి అంటుకుంటుంది. లాగాలంటే రెండు చేతులూ కావాలి. తీగ కాలితే మా కుర్రాళ్లు చుట్టగలరు. కాని వేడికి ఆ పలకలు బలం కోల్పోతే, అతుకు ఊడి ముక్కలైతే చేయగలిగింది లేదు. ఆ పలక విజయవాడలో దొరకదు, హైదరాబాద్‌లోనూ దొరకదు. కంట్రోలర్ పెట్టె అయితే నల్లటి బంక పోసి మూసేసి వస్తుంది. విప్పడానికే వీలుండదు.

ఆ పలక నియోడిమియం అనే అరుదైన లోహంతో చేసిన అయస్కాంతం. మామూలు రకం 80 డిగ్రీల వేడి దాటితే బలం జారిపోతుంది. వాహనాల మోటార్లలో వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి డిస్ప్రోసియం, టెర్బియం అనే మరో రెండు అరుదైన లోహాలు కలుపుతారు. బ్లేజ్‌వాడ అని పేరు పడిన ఊళ్లో, మే నెలలో, ముగ్గురి ఆటోలో ఆరుగురిని ఎక్కించుకుని కనకదుర్గమ్మ వారధి ఎక్కే ఆటోకి ఆ కలపడం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఈ అయస్కాంతాల తయారీలో సుమారు 90 శాతం చైనాదే. అమెరికాతో సుంకాల గొడవ ముదిరినప్పుడు, 2025 ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు రకాల అరుదైన లోహాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది. తగాదా వాళ్లిద్దరిది, కొరత మన వాహన కంపెనీలకు వచ్చింది. ఆ జులైలో బ్యాటరీ క్యాథోడ్ల తయారీ పరిజ్ఞానం మీద కూడా ఆంక్షలు చేర్చింది.

ఇక్కడ మీ దృష్టికి తేవలసిన విషయం ఒకటుంది. అయస్కాంతానికి ముడిసరుకైన మోనజైట్ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మన రాష్ట్ర తీరపు ఇసుకలోనే. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 2023లో అయస్కాంతాల ప్లాంటు పెట్టింది. కాని దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలే. అదీ సమేరియం కోబాల్ట్ రకం, రక్షణ, అంతరిక్ష అవసరాలకు. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్లతో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీకి పథకం ఆమోదించింది. అందులో మన వాటా కోసం రాష్ట్రం ఏం అడిగిందో తెలియజేయండి. ఇంకో సంగతి కూడా దాచకూడదు. మన మోనజైట్‌లో నియోడిమియం బాగానే ఉంటుంది, వేడి తట్టుకునేలా చేసే డిస్ప్రోసియం మాత్రం నామమాత్రం. ఇసుక మనదైనంత మాత్రాన చింత తీరదు. పైగా మోనజైట్‌లో థోరియం ఉంటుంది, తవ్వకంతో తీరప్రాంత మత్స్యకారుల బతుకు ముడిపడి ఉంది. ఇసుక తవ్వి పంపడం మన వంతు, అయస్కాంతం చేసి లాభం చూసుకోవడం మరొకరి వంతు అయ్యే ఒప్పందమైతే మాకొద్దు.

అయస్కాంతం అక్కర్లేని మోటార్లూ ఉన్నాయి. ఇండక్షన్ మోటారు అలాంటిదే. కొంచెం బరువు, సామర్థ్యంలో కొంచెం తక్కువ. కాని రాగి, ఇనుము ఉంటే చాలు, ఆటోనగర్‌లో చుట్టగలం, కాలితే మళ్లీ చుట్టగలం. సరుకు ఆటోకి, చెత్త సేకరించే బండికి అది సరిపోదా అని పరీక్షించి చూసే కేంద్రం ఇంత పెద్ద ఆటోనగర్‌లో ఒక్కటీ లేదు.

బ్యాటరీ సంగతి ఒక్క మాటలో చెబుతాను. 2022 ఏప్రిల్‌లో ఈ నగరంలోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. తరువాత కేంద్రం భద్రతా ప్రమాణాలు కఠినం చేసింది. కాని పాత బ్యాటరీలు ఇప్పటికీ మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. వాటిని ఎలా విప్పాలో, ఎక్కడ అప్పగించాలో మా పిల్లలకు నేర్పినవాళ్లు లేరు.

4. ఇంటి పైకప్పు సౌర విద్యుత్తు. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం. ఆ సబ్సిడీ రావాలంటే ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా మన దేశంలో తయారైనదే అయి ఉండాలి. సౌర పరికరాల తయారీలో ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతానికి పైగా ఉందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే చెప్పింది. కాబట్టి ఈ షరతు సబబే. కాని దేశంలో సెల్‌లు కలిపి ప్యానెళ్లు తయారుచేసే సామర్థ్యం 100 గిగావాట్లు దాటినా, సెల్ తయారీ అందులో చిన్న భాగమే. సెల్‌కు ముందు దశలైన వేఫర్, పాలీసిలికాన్ సంగతి చెప్పే పనే లేదు. ఫలితంగా స్వదేశీ సెల్ ఉన్న ప్యానెల్ ధర ఎక్కువ. సబ్సిడీలో కొంత ఆ తేడాకే పోతోంది.

అసలు ఈ పథకం ఎవరి కోసం? సొంత డాబా ఉన్నవాళ్ల కోసం. సింగ్‌నగర్, చిట్టినగర్, కృష్ణలంకల్లో ఒక డాబా కింద నాలుగైదు కుటుంబాలు అద్దెకుంటాయి. డాబా యజమానిది, బిల్లు అద్దెదారుది. పెట్టుబడి పెట్టాల్సినవాడికి లాభం లేదు, లాభం కావలసినవాడికి డాబా లేదు. స్తోమత ఉన్నవాళ్లు గ్రిడ్ కరెంటు తగ్గించుకున్నకొద్దీ లైన్ల ఖర్చు, సర్దుబాటు ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఆ మిగిలినవాళ్లు ఎవరో మీకు తెలుసు.

5. గ్రీన్ హైడ్రోజన్, అంటే సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 1.85 లక్షల కోట్ల హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యమన్నారు. కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు కావాలి. లెక్క కట్టండి. రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు. రాష్ట్రమంతా కలిపి రోజుకు వాడేది ఇరవై కోట్ల యూనిట్లకు కాస్త పైన. అంటే మూడో వంతుకు సమానమైన కరెంటు ఒక్క హబ్‌కు. దానికి వేరే సౌర, పవన కేంద్రాలు కడతారని తెలుసు. కాని అనంతపురం, కర్నూలు భూములు, లైన్లు, నీళ్లు మనవే. ఉత్పత్తిలో పెద్ద భాగం ఎగుమతికే అంటున్నారు. తమ గాలి శుభ్రపరచుకోవాలనుకునే దేశాలకు మన ఎండను ఓడల్లో పంపి, ఇబ్రహీంపట్నంలో మనం బొగ్గు కాల్చుకుంటూ కూర్చోవడం ఏం పద్ధతి? ఎగుమతి వద్దనడం లేదు. ముందు ఇంట్లో దీపం సంగతి తేల్చండి అంటున్నాం.

6. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 800 మెగావాట్ల కొత్త యూనిట్‌తో కలిపి ఇప్పుడు దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. ఈ నగరాన్ని వెలిగించింది అదే, కాదనం. దాని బూడిద చుట్టుపక్కల ఊళ్ల డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, మామిడి పూత మీద పడుతుంది. బూడిద లారీ వెళ్లిన రోడ్డు మీద బైకు నడిపేవాడు కళ్లు మూసుకోవలసిందే. ఉత్పత్తయిన బూడిదనంతా వినియోగించాలని, పాత గుట్టలను పదేళ్లలో తొలగించాలని కేంద్రం 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంత తొలగిందో ఆ ఊళ్లవాళ్లకు చెప్పే ఏర్పాటు లేదు. రేపు పాత యూనిట్లు మూస్తే కాంట్రాక్టు కార్మికులు, బూడిద ఇటుకల బట్టీలవాళ్లు, లారీ డ్రైవర్లు ఏమవుతారన్నదీ ఎవరూ మాట్లాడటం లేదు. మూసివేత వార్త వాళ్లకు పేపర్లో చదివి తెలియకూడదు.

7. గుంటూరు మిత్రులు కోల్డ్ స్టోరేజీల సంగతి చేర్చమన్నారు. ధర పడినప్పుడు మిర్చి రైతు టిక్కీలను (బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. కరెంటు చార్జీ పెరిగితే నిల్వ అద్దె పెరుగుతుంది, అది రైతు చేతికొచ్చే ధరలోంచి తెగుతుంది. తేజ మిర్చి పెద్ద ఎత్తున చైనాకే పోతుంది. మన మిర్చి అటు, వాళ్ల అయస్కాంతం ఇటు. ఏ సరిహద్దులో చిన్న గొడవైనా యార్డులోనూ, ఆటోనగర్‌లోనూ ఒకేసారి గుండె గుభేలుమంటుంది. రష్యా చమురు కొన్నామని 2025 ఆగస్టులో అమెరికా అదనంగా వేసిన 25 శాతం సుంకం మన రొయ్యల రైతుకు ఎలా తగిలిందో కూడా చూశాం. చమురు కొన్నది అతను కాదు.

పై విషయాల మీద మా డిమాండ్లు ఇవి:

1. 2022 నుంచి వసూలు చేసిన, చేయబోయే ప్రతి సర్దుబాటు చార్జీలో దిగుమతి ఇంధనం, ఎక్స్ఛేంజీ కొనుగోళ్లు, రవాణా వాటాలను విడివిడిగా తెలుగులో ప్రచురించాలి. బిల్లు వెనక అచ్చు వేస్తే ఇంకా మంచిది, అక్కడ చోటు ఖాళీగానే ఉంటుంది.

2. అద్దె ఇళ్లలో పాత సంవత్సరాల సర్దుబాటును కొత్త అద్దెదారు మీద వేయడం ఆపాలి.

3. డాబా లేని కుటుంబాలు వేరేచోట పెట్టిన ప్యానెళ్లలో వాటా తీసుకుని, ఆ యూనిట్లను తమ మీటరులో సర్దుకునే వీలు సబ్సిడీతో సహా కల్పించాలి. మార్కెట్ యార్డులు, ప్రభుత్వ పాఠశాలలు, బస్టాండ్ల కప్పులు అందుకు పనికొస్తాయి. మొదటి విడత విజయవాడ, గుంటూరు అద్దెదారులకే ఇవ్వాలి.

4. ఆటోనగర్‌లో ఎలక్ట్రిక్ వాహనాల మరమ్మతు శిక్షణ, అయస్కాంతం లేని మోటార్ల పరీక్ష, పాత బ్యాటరీల సేకరణ, ఈ మూడూ ఒకేచోట జరిగే కేంద్రం పెట్టాలి. రాష్ట్ర రాయితీ పొందే ప్రతి వాహన కంపెనీ విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు ఇవ్వాలనే షరతు పెట్టాలి.

5. తీర ఇసుక ఖనిజాల మీద ఏ ఒప్పందం చేసుకున్నా అయస్కాంతం దాకా తయారీ రాష్ట్రంలోనే జరగాలి. ఒప్పందం పాఠం సంతకానికి ముందే ఆ గ్రామాల ముందుంచాలి.

6. హైడ్రోజన్ ప్రాజెక్టులకు కేటాయించే విద్యుత్తు, నీరు, భూమి లెక్కలు బయటపెట్టాలి. రాష్ట్ర సొంత అవసరాలకు, ముఖ్యంగా సాయంత్రం పీక్ వేళకు, పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే కేంద్రాలు), బ్యాటరీల నుంచి ఎంత కేటాయిస్తారో ఏడాదివారీగా చెప్పాలి.

7. ఇబ్రహీంపట్నం పాత యూనిట్ల భవిష్యత్తు మీద కార్మికులు, చుట్టుపక్కల పంచాయతీలు కూర్చునే కమిటీ వేయాలి. బూడిద తొలగింపు లెక్క ప్రతి మూడు నెలలకు పంచాయతీ బోర్డు మీద రాయాలి.

8. కోల్డ్ స్టోరేజీలకు పగటిపూట సౌర విద్యుత్తును తక్కువ ధరకు ఇచ్చి, ఆ తగ్గింపు నిల్వ అద్దెలో రైతుకు చేరేలా చూడాలి.

మీలో ఎవరి పరిధిలో ఏ డిమాండు వస్తుందో మీరే తేల్చుకుని, ఒక్కో దానికి రాతపూర్వకంగా జవాబివ్వండి. కాదంటే కాదనే రాయండి, కారణం చెప్పండి. వచ్చే టారిఫ్ బహిరంగ విచారణలో ఈ లేఖనే మా అభ్యంతరంగా దాఖలు చేస్తున్నాం. ఆ రోజు షాపులు మూసుకుని మేమంతా హాలుకు వస్తాం. మైకు మధ్యాహ్నం భోజనాల తరువాత కాకుండా, అధికారులంతా కుర్చీల్లో ఉన్న ఉదయం వేళే మాకివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మోటారు వైండింగ్ షాపు యజమాని,
ఇరుగుపొరుగు షాపులవారు, కాలనీవాసుల తరఫున,
జవహర్ ఆటోనగర్, విజయవాడ